ఒక్క వాట్ చప్పుడు

మా ఫ్లోరక్క తలకి తగిలిన దెబ్బ పైకి చూస్తే ఏమంత పెద్దది కాదు. స్కూల్లో పాఠాలు చెప్పి వస్తుంటే ఆటో గుంతలో పడి ఎగిరింది, పక్కనున్న ఇనప కమ్మీకి ఆమె తల కొట్టుకుంది. కుట్లు పడ్డాయి. కుట్లు విప్పేసిన రోజు అందరం గండం గడిచిందనుకున్నాం. ఆ సాయంత్రమే ఆమె కూతురు అక్సా పప్పుగిన్నెలో గరిటె పెట్టి తిప్పుతుంటే, అక్క రెండు చెవులూ మూసుకుని గోడకి జారిపోయింది.

"చెవిలో మేకు దింపినట్టుందిరా శుభా" అంది తమ్ముణ్ణయిన నాతో.

మొదట్లో మేం నీరసం అనుకున్నాం. నిద్ర లేకపోవడం అనుకున్నాం. తర్వాత్తర్వాత పక్క వీధిలో ఎవరో బిందె దించినా ఉలిక్కిపడటం, కుక్కర్ కూత వినగానే వాంతి చేసుకోవడం మొదలైంది. చెవి డాక్టరు పరీక్షలన్నీ చేయించి, చెవులు మహా బాగా పనిచేస్తున్నాయని చెప్పాడు. చిక్కంతా లోపల ఉంది. చిన్న చప్పుడుని కూడా మెదడు పెద్దది చేసి అందిస్తోంది. దానికి ఆపరేషన్ లేదు, మాత్ర లేదు.

"తగ్గుతాదా అండీ?" అని మా బావ యోహాన్ అడిగాడు.

"కొందరికి తగ్గింది" అన్నాడు డాక్టరు. "అలాగని చెవుల్లో దూది పెట్టి చీకటి గదిలో కూర్చోబెట్టకండి. చప్పుడు అసలు లేకపోతే ఇంకా సున్నితమైపోతాయి. ఆమెకి ఇష్టమైన శబ్దం ఏదైనా రోజూ కాసేపు, బాగా చిన్నగా వినిపించండి" అన్నాడు.

వాళ్ళుండేది పూర్ణా మార్కెట్ వెనక సందులో, మేడమీద వాటా. కింద తెల్లారకముందే లారీలు వచ్చి బస్తాలు దింపుతాయి. హార్బర్ లోకి ఓడ వస్తే దాని కూత ఆ వాటాలో గాజు తలుపుల్ని కూడా కదిలిస్తుంది. అక్క పుట్టిందీ పెరిగిందీ ఆ కూతల మధ్యే. ఇప్పుడు ఓడ వచ్చే వేళ తెలుసుకుని, అంతకుముందే దిండు కింద తల పెట్టుకునేది.

ఇంట్లో స్టీలు కంచాలు అటకెక్కాయి. ప్లాస్టిక్ పళ్ళేలు వచ్చాయి. కుక్కర్ మానేసి అన్నం గిన్నెలో వార్చడం అక్సా నేర్చుకుంది. స్టీల్‌ప్లాంట్ రోలింగ్ మిల్లులో మా బావది పని. అక్కడ ఎర్రటి ఇనప చువ్వలు పట్టాల మీద పరిగెత్తే చప్పుడులో ఎనిమిది గంటలు నిలబడి, ఇంటికొచ్చి మెట్ల కిందే బూట్లు విప్పేసి, వట్టికాళ్ళతో మేడెక్కేవాడు.

ఇంతకీ అక్కకి ఇష్టమైన శబ్దం ఏదని అడిగితే ఆలోచించకుండానే చెప్పింది.

"మీ బావ గిటారు."

ఇది మాకెవరికీ ఆశ్చర్యం కాదు. మా చర్చిలో ఆమె క్వయర్‌లో పాడేది, ఆయన గిటారు వాయించేవాడు. వాళ్ళ పెళ్ళి అలాగే కుదిరింది. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటినా ఆదివారం ఆమె పాట ఎత్తుకునే ముందు ఒకసారి ఆయన చేతివైపు చూసేది. ఆ చూపు కోసం కుర్రాళ్ళు నవ్వుకుంటూ ఎదురుచూసేవాళ్ళు.

బావ ఇంట్లో ఉన్న చెక్క గిటారు తీశాడు. ఒక్క తీగ మీటాడో లేదో అక్క చెయ్యెత్తేసింది. గోటితో రేకు గీకినట్టుందంది. కరెంటు గిటారుని దేనికీ తగిలించకుండా వట్టిగా వాయిస్తే, సీసాలో ఈగ పడ్డట్టుందంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోమంటే చెవికి ఏదీ ఆనకూడదు. ఫోన్లో వినిపిస్తే అదీ రేకే.

"ఇవేవీ కాదండీ" అంది చివరికి. "మన పెళ్ళికి ముందు చర్చిలో మీ గిటారు తగిలించే పాత యాంప్ ఒకటుండేది కదా, వెనక గాజు వాల్వులు ఎర్రగా వెలిగేవి. దాన్లో మీరు వాయిస్తే దెబ్బ తగిలేది కాదు. మెత్తగా మొదలయ్యేది. అదైతే ఓర్చుకుంటాననిపిస్తోంది."

ఆ యాంప్ ఎప్పుడో పాత సామాన్ల వాడికి వెళ్ళిపోయింది. కొత్త సౌండ్ సిస్టం వచ్చిన రోజున మేమే మోసుకెళ్ళి బండిలో పెట్టాం.

ఆ వారమంతా బావ ఫోనుకి అతుక్కుపోయాడు. మెట్ల మీద కూర్చుని, చప్పుడు రాకుండా పెట్టి వీడియోలు చూసేవాడు. గిటారు యాంప్ గురించి చప్పుడు లేని వీడియోల్లో ఏం తెలుస్తుందో నాకు అర్థం కాలేదు. నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ప్లాంట్‌లో సూపర్‌వైజర్ని. ఒకరోజు బావ నైట్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చేశాడు. ఐసు దిమ్మలు జారుతున్న గోలలో నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"శుభా, ఇదేటంటే, వాల్వు యాంప్ సిన్నగా పెడితే దానికి పేణం ఉండదు. గట్టిగా పెడితేనే ఆ మెత్తదనం వత్తాది. గట్టిగా పెడితే మీ అక్క తట్టుకోలేదు. అందుకని తక్కువ వాట్లది కావాల. ఇంట్లో వాయించుకోడానికని సిన్నవి సేత్తన్నారు ఇప్పుడు."

"ఎంత సిన్నవి బావా?"

"అయిదు వాట్లు సాలంటారు కొందరు. ఒక్క వాట్ సాలంటారు కొందరు."

"మా ఇంట్లో బెడ్‌లైటు అంతకంటే ఎక్కువే ఉంటాది."

నవ్వాడు. ప్రమాదం తర్వాత ఆయన నవ్వడం అదే చూడటం.

వెతగ్గా వెతగ్గా కూర్మన్నపాలెంలో అనిరుధ్ అనే కుర్రాడు దొరికాడు. సాఫ్ట్‌వేర్ పని ఇంటి నుంచే చేసుకుంటాడు. వాళ్ళ నాన్న భీమవరం వైపు నుంచి స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కుర్రాడికి చిన్న చిన్న వాల్వు యాంపుల పిచ్చి. కొంటాడు, విప్పుతాడు, అమ్ముతాడు. అతని గదిలో మంచం మీద తప్ప అన్నిచోట్లా అవే ఉన్నాయి.

"కూర్చోండి అంకుల్. కాళ్ళు కింద పెట్టేటప్పుడు వైర్లు చూసుకోండి" అన్నాడు.

రెండు యాంపులు ముందుకి జరిపాడు. ఒకటి అయిదు వాట్లది, మీగడ రంగు గుడ్డ తొడిగింది. రెండోది ఒక్క వాట్‌ది, మన బియ్యం డబ్బా కంటే కొంచెం పెద్దది. స్విచ్చి వేసి కాసేపు ఆగమన్నాడు. వెనకనుంచి చూస్తే గాజు గొట్టాల్లో సన్నటి నిప్పు మెల్లగా రాజుకుంది.

బావ ముందు అయిదు వాట్లది వాయించాడు. నాకు సంగీతం పెద్దగా రాదు. చర్చిలో గొంతు కలుపుతాను, అంతే. కానీ ఆ మొదటి తీగతోనే నాకు మా చర్చి పాత బెంచీల వాసన వచ్చింది. బావ వేళ్ళు ఆగలేదు. కళ్ళు మూసుకుని అలా వాయిస్తూనే ఉన్నాడు.

చాలాసేపటికి ఆపి, "ఇది కాదు" అన్నాడు బావ. "సిన్నది ఇవ్వు బాబు."

ఒక్క వాట్‌దీ గది నింపేసింది. బావ మొహం పడిపోయింది.

"ఇదేటి, దానికీ దీనికీ పెద్ద తేడా లేదు?"

"అందరూ అలాగే అనుకుంటారండి, ఒక్క వాట్ అంటే అయిదో వంతు చప్పుడని" అన్నాడు అనిరుధ్. "చెవికి అలా తెలీదు. అయిదుగురు పాడే చోట ఒకళ్ళు పాడారనుకోండి. ఒక్కళ్ళు పాడినా గదిలో వినపడుతుంది కదండి? అలాగన్నమాట. ఇంతకీ ఎవరికి ఇబ్బంది అంకుల్? పక్కవాటా వాళ్ళా?"

బావ గిటారు తీగల మీద అరచెయ్యి వేశాడు. నేనే చెప్పాను, అక్క సంగతి. అనిరుధ్ వింటూ ఫ్యాన్ ఆపేశాడు. ఎందుకు ఆపాడో అతనికే తెలిసుండదు.

"తీసికెళ్ళండి" అన్నాడు. "వాడి చూడండి. ఆంటీకి సరిపోతే అప్పుడు చూసుకుందాం."

బావకి వారానికోసారి వచ్చే సెలవు రోజున, మధ్యాహ్నం మార్కెట్ మాటుమణిగే వేళ చూసి పెట్టుకున్నాం. అక్క వెనక గదిలో మంచం మీద కూర్చుంది. అక్సా ఆమె పక్కన. నేను మధ్య గుమ్మంలో. బావ ముందు గదిలో, యాంప్‌ని గోడవైపు తిప్పి. అక్క చెయ్యెత్తితే అక్సా నాకు సైగ చెయ్యాలి, నేను బావకి చెయ్యాలి.

స్విచ్చి వేశాక కాసేపటికి వెనక గదిలోంచి అక్క, "ఝుమ్మంటోందండీ" అంది.

మాకేమీ వినపడలేదు. నేను వెళ్ళి వంగి యాంప్ గుడ్డకి చెవి ఆనిస్తే అప్పుడు వినపడింది, తేనెటీగ దూరంగా తిరుగుతున్నట్టు. వెనక గదిలోంచే ఆమె దాన్ని పట్టుకుంది. బావ ప్లగ్గు తీసి వంటింటి పాయింటుకి మార్చాడు. ఝుంకారం తగ్గింది.

చప్పుడు పెంచే మీట కొద్దిగా తిప్పి వాయించాడు. పలచగా, నీళ్ళ మజ్జిగలా వచ్చింది. "ఇది కాదంటంది అమ్మ" అని అక్సా గుసగుసగా అంది. ఇంకొంచెం తిప్పాడు. ఇంకొంచెం. అప్పుడు వచ్చింది ఆ చప్పుడు. ఆయన పెళ్ళికి ముందునుంచీ వాయించే పాత కీర్తన ఎత్తుకున్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. అక్క కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం పాటతోపాటు కదులుతున్నాయి. చెయ్యి ఒళ్ళోనే ఉంది. కానివ్వమని బావకి సైగ చేశాను. ఒక చరణం అయింది. రెండో చరణం సగంలో అక్సా లేచి నిలబడిపోయింది. అక్క చెయ్యి ఎత్తలేదు, పక్కకి ఒరిగిపోయింది.

బావ తీగ మీద వేలు అలాగే పెట్టి ఆపేశాడు.

ఆ తర్వాత ఆమె చీకట్లో పడుకుంది. ఫ్యాన్ చప్పుడు కూడా పనికిరాదు. విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్ లేకుండా రెండు రోజులు అక్సా విసనకర్రతో విసిరింది, అదీ గాలి చప్పుడు రాకుండా మెల్లగా.

కొంచెం తేరుకున్నాక బావ మంచం పక్కన నేల మీద కూర్చుని అడిగాడు. "నొప్పి ఎప్పుడు మొదలయింది ఫ్లోరా?"

"మొదట్నించీ."

"మరి సెయ్యి ఎందుకు ఎత్తలేదు?"

"పాట అవ్వనిద్దామని."

ఆయన లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. కింద సందులో ఎవరో సైకిల్ బెల్ కొట్టుకుంటూ పోతుంటే ఇద్దరం ఒకేసారి తలెత్తి వెనక గది వైపు చూశాం.

అక్కడితో మానేస్తారనుకున్నాను. మానలేదు. అక్కే మాననివ్వలేదు. అది అదే చప్పుడంది, ఇంకాస్త చిన్నగా అయితే చాలంది. బావ యాంప్ చుట్టూ బొంతలు చుట్టాడు. బీరువాలో పరుపుల మధ్య పెట్టి తలుపు మూశాడు. అనిరుధ్ తనంతట తనే వాళ్ళింటికి వచ్చాడు, అర వాట్ యాంప్ ఒకటి చేత్తో అతికి తెచ్చి. చెప్పులు మెట్ల కిందే విడిచి, లోపలున్నంతసేపూ గుసగుసగానే మాట్లాడాడు. ఇంకోసారి యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య తగిలించే చిన్న డబ్బా తెచ్చాడు. యాంప్ గట్టిగా పనిచేస్తుంది, చప్పుడంతా ఈ డబ్బా మింగేసి వేడిగా మార్చేస్తుంది, కొసరు మాత్రం బయటికి వదుల్తుంది. నిజంగానే వదిలింది. కానీ అంత చిన్నగా వింటే ఆ మెత్తదనం లేదు.

"కొంచెంగా వింటే బరువైన అడుగు స్వరాలు చెవికి అందవండి" అన్నాడు అనిరుధ్, తప్పు తనదైనట్టు. "పైన గీసుకునేదే మిగుల్తుంది. అది ఎవరికైనా అంతే."

అంటే అక్క ఓర్చుకోగలిగిన చోట ఆ చప్పుడు లేదు. ఆ చప్పుడు ఉన్నచోట అక్క ఓర్చుకోలేదు. ఈ రెంటి మధ్యా ఎక్కడో జానెడు చోటు ఉంటుందని మేమంతా వెతికాం. ఎంత తక్కువ వాట్లది తెచ్చినా అది దొరకలేదు.

వర్షాలు తగ్గేసరికి ఆమె మాట్లాడటం కూడా మానేసింది. తన గొంతే తనకి తగుల్తోందట. మార్కెట్ వెనక ఇక ఉంచలేమని తేలిపోయింది. ఆనందపురం జంక్షన్ దాటి లోపలికి వెళ్తే మా పెద్దమ్మ ఆరోగ్యమ్మ ఇల్లుంది, చేమంతి తోటల మధ్య. హైవే చప్పుడు అక్కడికి రాదు. పెద్దమ్మ ఒంటరిది, నిదానంగా నడుస్తుంది, నిదానంగా మాట్లాడుతుంది. అక్కని అక్కడ దించాం. అక్సాకి కాలేజీ, బావకి డ్యూటీ. వాళ్ళిద్దరూ పూర్ణా మార్కెట్ వెనకే ఉండిపోయారు.

అక్కకి ఫోన్ చెయ్యకూడదు కాబట్టి అందరం మెసేజ్‌లే. ఆమె టీచరు కదా, మా తెలుగులో తప్పులు కూడా దిద్దేది.

దూరం సంగతి అక్సాకే తట్టింది. "నాన్నా, చప్పుడు తగ్గించలేకపోతన్నాం కదా, దూరం పెంచుదాం" అంది. పెద్దమ్మ తోట చివర మోటారు షెడ్డుంది, అందులో కరెంటుంది. బావ సెలవు రోజున ఒక్క వాట్ యాంప్‌ని బైకు మీద నా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాం. అక్సా గిటారు పట్టుకుని బస్సులో వచ్చింది. బావా ఆ పిల్లా షెడ్డులో కూర్చున్నారు. అక్క అరుగు మీద. నేను చేమంతి మళ్ళ మధ్య గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఆమె చెయ్యెత్తితే నేను తువ్వాలు ఊపాలి.

మీట పూర్తిగా తిప్పమని ముందే చెప్పి ఉంచాను. వాయించాడు.

పూలమీదుగా వచ్చేసరికి ఆ చప్పుడు అంచులన్నీ అరిగిపోయినట్టుంది. నేను అక్క వైపే చూస్తున్నాను. ఆమె కళ్ళు మూసుకుని, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుంది. కీర్తన మొత్తం అయింది. ఇంకోటి అయింది. నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "ఇదే" అని రాసింది.

షెడ్డు దగ్గరికి వెళ్ళి చూపించాను. బావ ఆ ఒక్క మాటనీ చాలాసేపు చదివాడు.

"మొఖం ఎలగుంది? నవ్విందేటి?"

"కళ్ళు మూసుకుని కూకుంది బావా. బాగుంది."

"నాకు ఇక్కణ్ణించి కనిపించదు" అన్నాడు. "అక్కడ ఎలగ వినిపిత్తందో కూడా నాకు తెలీదు. నానెల్తే వాయించీవోళ్ళు ఉండరు."

అక్సాకి ఆయనే గిటారు మీద నాలుగు కార్డులు, అంటే తీగల పట్లు, నేర్పాడు చిన్నప్పుడు. ఆ పిల్ల గిటారు అందుకుని, "నువ్వెల్లు నాన్నా" అంది. ఆ నాలుగు కార్డులే మెల్లగా తిప్పి తిప్పి వాయించింది. బావ గట్టు మీంచి దాదాపు పరిగెత్తి, అరుగు దగ్గరికొచ్చేసరికి అడుగు నెమ్మది చేసి, వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే చప్పుడు విన్నారు. ఆమె కళ్ళు తెరవకుండానే ఆయన మోచెయ్యి పట్టుకుంది. నేను అటు చూడకుండా ఉండటానికి చేమంతుల వైపు తిరిగాను.

చలికాలం అలా నడిచింది. డాక్టరుకి చెబితే మంచిదే, కొనసాగించండి అన్నాడు. పెద్దమ్మ కూడా బావ వచ్చే రోజున వంట పెందలాడే ముగించేసేది, పాట వేళకి గిన్నె చప్పుడు అడ్డు రాకూడదని. అక్క ఒకసారి రెండు వాక్యాలు నోటితో మాట్లాడింది. ఆ రెండు వాక్యాల గురించి మేం బైకు మీద తిరిగొచ్చేదాకా మాట్లాడుకున్నాం.

తర్వాత ఎందుకో తెలీదు. కొత్తగా ఏ దెబ్బా తగల్లేదు, జ్వరం రాలేదు. ఒక సెలవు రోజున బావ మొదటి తీగ మీటగానే ఆమె చెయ్యి లేచింది. నేను తువ్వాలు ఊపాను. కాసేపాగి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ లేచింది. తర్వాతి వారం పొడుగాటి వైరు తెచ్చి, షెడ్డు అవతల సరుగుడు తోపు అంచు దాకా యాంప్‌ని లాక్కెళ్ళాం. అక్కణ్ణించి గాలి ఇటు వీస్తేనే వినపడుతుంది. వినపడినప్పుడల్లా ఆమె వొణికింది. వినపడనప్పుడు, ఇప్పుడు వినపడుతుందేమోనని వొణికింది. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. ఊపడానికి తువ్వాలు తప్ప నా చేతిలో ఏమీ లేదు.

ఆ సాయంత్రం మెసేజ్ పెట్టింది. "చాలు. ఇంక తేవద్దని చెప్పు."

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. ఒక్కోసారి ఇలా వెనక్కి వెళ్తుందన్నాడు. ఎందుకంటే చెప్పలేనన్నాడు. మంచివాడే. అబద్ధం చెప్పలేదు. ఒక్క అబద్ధం చెప్తే బాగుండునని ఆరోజు నాకనిపించింది.

బావ ఆనందపురం వెళ్ళడం మానలేదు. వట్టి చేతుల్తో వెళ్ళేవాడు. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కనే కూర్చుని ఫోన్లలో రాసుకునేవాళ్ళు. ఒకసారి నేను కాఫీ గ్లాసులు అందిస్తూ ఉంటే అక్క తన ఫోను నా వైపు తిప్పింది, నువ్వు కూడా చదువు అన్నట్టు.

"మీరు ఆదివారం చర్చిలో వాయించండి" అని ఆమె రాసింది.

"నువ్వు లేకుండా ఎలగ" అని ఆయన రాశాడు.

"నేను లేను కాబట్టే. ఎంత చప్పుడైనా చేసుకోవచ్చు."

ఆమె మళ్ళీ రాసింది. "ఇద్దరం మూగబోతే అక్సాకి ఇల్లు ఎలా ఉంటుంది?"

ప్రమాదం జరిగిన్నాటి నుంచీ ఆయన చర్చిలో గిటారు ముట్టుకోలేదు. ఆరాధనకి వచ్చేవాడు, చివరి బెంచీలో కూర్చుని వెళ్ళిపోయేవాడు. వాళ్ళూ వీళ్ళూ అడిగి అడిగి మానేశారు. ఆ ఆదివారం మాత్రం ఒక్క వాట్ యాంప్‌ని చంకలో పెట్టుకుని వచ్చాడు. సౌండ్ చూసే సన్నీ దాన్ని చూసి, "ఇదేటన్నా, టిఫిన్ క్యారేజీ తెచ్చినట్టు తెచ్చావ్? ఎవరికి వినిపిత్తాది?" అన్నాడు.

"దాని ముందు ఒక మైకు పెట్టు" అన్నాడు బావ.

సన్నీ పెట్టాడు. ఆ చిన్న డబ్బాలోంచి వచ్చిందంతా మైకు పట్టుకుని గోడల మీదున్న పెద్ద స్పీకర్లకి అందించింది. బావ మొదటి తీగ మీటాడు. ముందు బెంచీల్లోని పెద్దవాళ్ళు కొందరు తలెత్తి చూశారు. వాళ్ళు ఆ చప్పుడు వినక చాలా ఏళ్ళయింది. చర్చి అంతా నిండింది, కిటికీల దాకా, పైకప్పు దాకా. అక్క కోసం మేం బొంతల్లో చుట్టి, బీరువాలో దాచి, తోట చివరికి లాక్కెళ్ళిన చప్పుడు అదే. పాడటానికి లేచి నిలబడ్డాను. క్వయర్‌లో ఆమె నిలబడే చోట అక్సా నిలబడి ఉంది. పాట ఎత్తుకునే ముందు ఆ పిల్ల వాళ్ళ నాన్న చేతివైపు చూసింది.

నా జేబులో ఫోను కదిలింది.

"వాయిస్తున్నారా?" అని అక్క.

కూర్చుని, బెంచీ కింద పెట్టి, "ఆ" అని పంపాను.

"ఎలా ఉంది?"

బాగుంది అని కొట్టాను. చెరిపేశాను. బాగుందని ఎవరైనా రాస్తారు. మెత్తగా ఉందని కొట్టాను. అదామెకి నాకంటే బాగా తెలుసు. నీ పాత యాంప్ లాగే ఉందని కొట్టి, అది కూడా తీసేశాను. అది చదివాక ఆ అరుగు మీద ఒక్కతే కూర్చుని ఏం చేస్తుంది? నాకు రేకు గురించి రాయడం వచ్చు, మేకు గురించి రాయడం వచ్చు. ఇన్నాళ్ళూ ఆమె మాకు నేర్పిన మాటలు అవే. ఇప్పుడు చర్చిలో ఉన్నదానికి నా దగ్గర మాట లేదు.

"రాయరా" అని ఇంకోటి వచ్చింది.

తలెత్తితే బావ నావైపే చూస్తున్నాడు. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎవరి మెసేజో ఆయనకి తెలుసు. నేనేం రాస్తానా అని చూస్తున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన తల దించుకున్నాడు.

ఈలోగా పాట అయిపోయింది. పాస్టరుగారు ఏదో చదివారు. మళ్ళీ గిటారు మొదలైంది.

"రెండో పాట ఎత్తుకున్నాడు" అని మాత్రం పంపాను.

"ఏది?"

పాట మొదటి లైను రాసి పంపాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. ఆ తర్వాత అటునుంచి ఏమీ రాలేదు. పాట అయ్యేదాకా ఫోను అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాను.